పూల నీళ్ళని చెప్పిన మాస్టారు

మా మాస్టారు పోయారన్న కబురు అందేటప్పటికి నేను ఆయన పాఠమే చెబుతున్నాను. ఎదురుగా విమానాశ్రయంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు కూర్చున్నారు. బల్ల మీద హెయిర్ స్ప్రే, అగ్గిపెట్టె, ఎండు కొబ్బరి చిప్ప, పవర్ బ్యాంకు పరిచి, వీటిలో విమానం ఎక్కకూడనివి ఏవో చెప్పమని అడుగుతున్నాను. ఫోన్ మోగింది. బరంపురం నుంచి మాస్టారి భార్య. ఆవిడని మేమంతా అమ్మగారూ అని పిలిచేవాళ్ళం.

"మీ మాస్టారు ఎల్లిపోనారమ్మా. పొద్దున్న టీ తాగి కుర్సీలో కూకున్నారు. మరి లెగనేదు," అంది. మళ్ళీ తనే, "నీకు సెప్పాలో వద్దో తెలీనేదు. ఉండబట్టక సెప్పీసినాను," అంది.

వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయన నాకు చెప్పవలసిన మాట ఒకటి మిగిలే ఉంది. అది చెప్పకుండా టీ తాగి హాయిగా వెళ్ళిపోవడమేమిటి అనిపించింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, ఆయనలో మంచి చాలా ఉంది. రెండోదీ చెబుతాను. రెండోది దాచి మంచి ఒక్కటే రాస్తే, లోపలి సరుకు పేరు మార్చి పెట్టె పంపించినట్టే. అలా పంపకూడదని నాకు నేర్పింది ఆయనే మరి.

ఆయన పని ఏమిటో తెలియనివాళ్ళ కోసం ముందు అది చెప్పాలి. విమానంలో సరుకు వేసేటప్పుడు కొన్నిటిని మామూలు పెట్టెల్లా ఎక్కించకూడదు. ఇట్టే అంటుకునేవి, పేలేవి, ఒలికితే ఇనుమునైనా తినేసేవి, వాటంతటవే వేడెక్కేవి. డేంజరస్ గూడ్స్ అన్నదాన్ని కుదించి మేము వాటిని డీజీ సరుకు అంటాం. కొన్ని అసలే ఎక్కకూడదు. కొన్ని ఎక్కొచ్చు, కానీ లోపల ఏముందో నిజం చెప్పి, చెప్పిన పద్ధతిలో కట్టి, పైన బొమ్మ లేబుల్ అంటించి పంపాలి. కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్ళ నుంచి పెట్టెలు మోసేవాళ్ళ దాకా అందరూ వాటిని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఒకసారి నేర్చుకుంటే సరిపోదు, రెండేళ్ళకోసారి మళ్ళీ నేర్చుకోవాలి. మాస్టారు ఒక విమాన సంస్థ సరుకుల విభాగంలో చాలాకాలం పనిచేసి, రిటైరై, సొంత ఊరు బరంపురం వచ్చి ఈ పాఠం చెప్పేవారు. పట్టుచీరల కొట్టు మీద మేడ గదిలో క్లాసు. కింద చీరల బేరాలు, పక్క సందులోంచి అప్పడాల పిండి వాసన, పైన మేము. విమానం మొహం ఎరగని పిల్లలకి విమానం చదువేమిటని కొట్టువాళ్ళు మెట్ల దగ్గర నవ్వేవారు.

నాది దిగపహండి దగ్గర పల్లె. నాన్న వరి వేస్తాడు. డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్నదాన్ని, ఎవరో చెప్పగా బస్సెక్కి ఆ మెట్లెక్కాను. మొదటి రోజు మాస్టారు బల్ల మీద సామాను పరిచి, "ఇందులో మీ ఇంట్లో లేనిది ఏటో సెప్పండి," అన్నారు. అదే ప్రశ్న ఒడియాలో కూడా అడిగారు, సగం మంది ఒడియా పిల్లలు కనక. అందరం చూశాం. గోళ్ళ రంగు, లైటరు, స్ప్రే, జ్వరం చూసే పాత పాదరసం గొట్టం, కొబ్బరి చిప్ప. అన్నీ అందరి ఇళ్ళలోనూ ఉన్నవే.

"నాలుగు వాసాలున్న ఏ ఇంట్లో అయినా ఉంటాయి. అదే పాటం," అన్నారు ఆయన. "ప్రమాదం దొంగలాగ రాదర్రా. సుట్టంలాగ వస్తాది. కాళ్ళకి నీళ్ళిచ్చి లోపలికి పిలిసేది మనమే."

నాకు నోరు ఊరుకోదు. "కొబ్బరేటండీ? దేముడికి కొడతాం కదా," అన్నాను.

"దేముడు తింటాడు. ఇమానం తినదు," అన్నారు. "ఎండు కొబ్బరి మూట కట్టి గాలాడకుండా పడేస్తే దానంతటదే ఏడెక్కుతాది. అగ్గిపుల్ల గీసినోడు ఎవడూ ఉండడు, మంట మాత్రం వస్తాది. కూకో అమ్మీ, నువ్వు బాగా దెబ్బలాడతావు. దెబ్బలాడినోళ్ళే ఈ పనికి పనికొస్తారు."

నాతో అలా అన్న పెద్దమనిషి అంతకు ముందు ఎవరూ లేరు. ఇంట్లో నా నోటి గురించి అందరూ విసుక్కునేవాళ్ళే. ఆ రోజు నుంచి నేను ఆ బస్సు తప్పించలేదు.

మాస్టారికి కొన్ని అలవాట్లుండేవి, చూసి నవ్వుకునేవాళ్ళం. టీ గ్లాసు చేతికిస్తే ముందు వాసన చూసి అప్పుడు తాగేవారు. ఎక్కడ పెట్టె కనబడినా వంగి అడుగు చూసేవారు. ఒకసారి మాతో గోపాల్‌పూర్ బస్సులో వస్తూ, ఎవరో డబ్బా ఎండ పడే కిటికీ కింద పెడితే, మొహమాటం లేకుండా లేచి దాన్ని సీటు కిందకి జరిపారు. ఆ డబ్బా ఆసామి గొడవకొచ్చాడు. మాస్టారు ఒడియాలో అతని ఊరూ పేరూ కనుక్కుని, ఇద్దరికీ తెలిసిన పెళ్ళి ఒకటి వెతికి పట్టుకుని, దిగేలోపు అతని చేత లోపల ఏముందో చెప్పించేశారు. పెయింటు పలచన చేసే నూనె. "కొట్టుకుంటే సెప్పడు. సుట్టరికం కలిపితే సెప్తాడు," అని మాకు కన్ను గీటారు.

ఇంటికి వెళ్తే అమ్మగారు ఇంకో వరస చెప్పేది. "నా ఆవకాయ జాడీని కూడా నిండా పెట్టనివ్వరమ్మా ఈయన. పైన జానెడు ఖాళీ ఉండాలట. వొచ్చినోళ్ళు నన్ను పీనాసిదాన్ననుకుంటన్నారు."

అందులో ఆవిడ బాధ నాకు తెలుసు. మా వైపు వ్యాపారస్తులకి ఒక పట్టింపు ఉంది. నూనె అయినా, తేనె అయినా డబ్బాలో అంచు దాకా పోయాలి. మూత పెడుతుంటే చుక్క ఒలకాలి. అప్పుడే సరిగ్గా కొలిచి ఇచ్చినట్టు. పైన ఖాళీ కనబడితే కొన్నవాడు మొహం చిట్లిస్తాడు, అమ్మినవాడికి పరువు తక్కువ. మాస్టారి ఇంటివాళ్ళూ అలాంటి వ్యాపారస్తులే. గోపాల్‌పూర్ దారిలో వాళ్ళకి కియా బట్టీ ఉంది. కియా అంటే మొగలి పువ్వు. వానాకాలంలో మా తీరమంతా పొదల్లో పూస్తుంది. బట్టీలో ఉడికించి ఆవిరి పడతారు. ఆ బట్టీని మాస్టారి తమ్ముడు నడిపేవాడు.

ఒక రోజు మాస్టారు ఆ బట్టీ నుంచే మూడు తెల్ల డబ్బాలు తెచ్చి క్లాసులో పెట్టారు. మూడూ ఒకేలా ఉన్నాయి. ఏ దాని మీదా పేరు లేదు, మూతలకి గుడ్డ చుట్టి దారం కట్టి ఉంది. ఒకటి పూల నీళ్ళు, గుడిలోకీ మిఠాయిల్లోకీ వాడేది. రెండోది గంధం నూనెలో దించిన అత్తరు. మూడోది స్పిరిట్‌లో కలిపిన ఎసెన్సు, పెద్ద మిఠాయి కంపెనీలకి పోయేది. మొదటిది విమానంలో ఎక్కడికైనా పోవచ్చు. మూడోది దగ్గర్లో నిప్పురవ్వ ఉంటే చాలు, భగ్గుమంటుంది. బట్టీలో వాళ్ళకి పేర్లు రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. మూత మీద ముక్కు పెట్టి ఏది ఏదో చెప్పేస్తారు. మాకు మాత్రం మూడూ ఒకే మొగలి వాసన వేశాయి.

"మొగలి పొద దగ్గరికెల్తే పామున్నాదని అందరికీ తెలుసు, కాలు జాగర్తగా ఏస్తారు," అన్నారు మాస్టారు. "అదే పువ్వు డబ్బాలోకి దిగినాక పాముని మరిసిపోతారు. వాసన బాగుంటే మరీ అనుమానించండి." తర్వాత మూడో డబ్బా మూత వేలితో తట్టి, "సూడండి, మా తమ్ముడు ఎలాగ పోసినాడో. అంచు దాకా. నిండు కుండ తొణకదని సదువుకున్నారు కదా? నేల మీద తొణకదు. ఆకాశంలో పగుల్తాది. కాసింత ఖాళీ ఒగ్గీయాలి. ఈ మాట మావోడికి నాను ఇప్పటికీ ఒప్పించనేకపోనాను," అని నవ్వారు. మేమూ నవ్వాం.

నాకు ఒక విమానాశ్రయంలో సరుకులు తీసుకునే కౌంటర్ దగ్గర ఉద్యోగం వచ్చింది. ఏ ఊరో రాయను. రాస్తే అక్కడివాళ్ళలో కొందరికి ఇప్పటికీ గుచ్చుకుంటుంది. బయల్దేరిన రోజు మాస్టారూ అమ్మగారూ బరంపురం స్టేషనుకి వచ్చారు. వాళ్ళకి పిల్లలు లేరు. అమ్మగారు అప్పడాల కట్ట నా సంచిలో కుక్కుతూ, "మా కూతురు ఎల్తన్నాది," అని పక్కనున్నవాళ్ళతో చెప్పుకుంది. మాస్టారు కాదనలేదు, తల ఊపారు. రైలు కదిలే ముందు కిటికీ దగ్గరకొచ్చి నాతో ఇలా అన్నారు.

"నువ్వు సరేనన్నావంటే ఆ పెట్టి మీద మనుసులు కూకుంటారు అమ్మీ. కింద ఏటుందో ఆళ్ళకి తెల్దు. నీకు తెలియాలి. అనుమానమొస్తే ఎవడు సెప్పినా ఎక్కించకు. నానొచ్చి బతిమాలినా ఎక్కించకు."

ఈ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఎందుకు గుర్తుందో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

ఉద్యోగంలో ఏ కొత్త సరుకు వచ్చినా ఆయనకి ఫోన్ చేసేదాన్ని. ఒకసారి ఎవరో బతికున్న పీతల బుట్టలతో పాటు వాటిని చల్లగా ఉంచడానికి పొగలు కక్కే ఐసు తెచ్చారు. ఇంకోసారి ఒక ముసలాయన మోటారు వీల్‌చైరు తెచ్చి, బ్యాటరీ తీయనంటే తీయనని కూర్చున్నాడు. మాస్టారు అన్నం తింటున్నా ఆపి చెప్పేవారు. ఒక్కో సరుకుకి ఇచ్చిన అంకెలు, వర్గాలు, ఏది ఎందుకు దేని పక్కన పెట్టకూడదు, అన్నీ పుస్తకం చూడకుండా వచ్చేవి. "బుర్రా అది, బీరువానా?" అని నా తోటి ఉద్యోగులు అనేవారు. నాకు గొప్పగా ఉండేది.

ఒక వానాకాలం, ఏజెంటు ఒకడు అట్టపెట్టెలు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. కాగితం మీద పూల నీళ్ళు అని ఉంది. మొగలి వాసన గది నిండా కొట్టింది. మాస్టారి మాట వచ్చేసింది చెవిలోకి, వాసన బాగుంటే మరీ అనుమానించమని. వంగి అడుగు చూశాను. ఒక పెట్టె మూలన తడి మరక ఉంది. నేను చూస్తుండగానే అది అంచుల నుంచి లోపలికి ఆరుకుంటూ పోయింది. అది చినుకులు పడే రోజు, గాల్లో అంతా తేమే, మా బట్టలే ఆరడం లేదు. నీళ్ళ మరక అంత తొందరగా ఎలా ఆరుతుంది? పెట్టె విప్పించాను. గుడ్డ చుట్టిన మూతలు, పేరు లేని తెల్ల డబ్బాలు, అంచు దాకా నింపినవి. ఒక డబ్బా బుగ్గలు ఉబ్బి ఉంది.

సరుకులో ఏముందో పరీక్ష చేయించిన కాగితం తెమ్మన్నాను. లేదన్నాడు. అయితే ఎక్కదన్నాను. ఏజెంటు పక్కకెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు.

మర్నాడు పొద్దున్న మాస్టారు వచ్చారు. అంత దూరం రైలెక్కి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. పెట్టె ఆపానని తెలిసి మెచ్చుకోవడానికి వచ్చారనుకున్నాను. అంత వెర్రిదాన్ని. పరుగున ఎదురెళ్ళాను.

"టిఫినీ సేసినావా అమ్మీ?" అన్నారు.

"సేసినానండి. రండి మాస్టారూ, ఆ మరక మీకు సూపించాలి. ఇట్టే ఆరిపోనాదండి, స్పిరిట్టే అయుంటాది."

ఆయన పెట్టె వైపు రాలేదు. దారిన పోతూ ఎవరి మూట కనబడినా వంగి చూసే మనిషి, ఆ రోజు నిటారుగా నిలబడ్డారు. "అయి పూల నీళ్ళే. మా తమ్ముడివి. ఒగ్గీ," అన్నారు.

పరీక్ష పెడుతున్నారేమో అనుకుని నవ్వేశాను. "మీరొచ్చి బతిమాలినా ఎక్కించొద్దని మీరే కదండీ సెప్పినారు?"

"అది పాటం. ఇది ఇల్లు," అన్నారు మాస్టారు.

తమ్ముడు నేల చూపులు చూస్తూ, "పండగ ముందర సరుకమ్మా, అయిదారు బట్టీల పువ్వు ఇందులో ఉన్నాది. లారీలో ఏస్తే ఆలీసమైపోతాది," అన్నాడు. అతని మీద నాకు ఇప్పటికీ పెద్ద కోపం లేదు. అతనికి తన బట్టీ తెలుసు, విమానం తెలియదు. తెలిసినాయన పక్కనే ఉన్నారు.

ఎక్కదన్నాను. మాస్టారు నన్ను దాటుకుని మేనేజరు గదిలోకి వెళ్ళారు. మేనేజరుకి ఆయనంటే భయభక్తులు, విమాన సంస్థలో ఉన్నప్పుడు అక్కడి పాత ఉద్యోగుల్లో సగం మందికి పాఠం చెప్పింది ఆయనే. కాసేపటికి మేనేజరు బయటకొచ్చి, నీకు నేర్పిన గురువే స్వయంగా వచ్చి అవి పూల నీళ్ళని చెబుతుంటే నీకు అంతకంటే ఎక్కువ తెలుసా అని అందరి ముందూ అడిగాడు. మాస్టారు అతని వెనకాలే నిలబడి ఉన్నారు. "ఆ పిల్లది కాస్త తొందరపాటు," అని మెల్లగా అన్నారు. నన్ను ఆ పూట ట్రాలీల దగ్గరకి పంపేశారు. నా కుర్చీలో ఇంకొకరు కూర్చుని పెట్టెలు తీసుకున్నారు.

పెట్టెలు ఆకాశంలోకి వెళ్ళాయి. దారిలో ఉబ్బిన డబ్బా పగిలింది. దిగిన ఊళ్ళో విమానంలో సరుకు గది తలుపు తెరిస్తే మొగలి వాసనతో పాటు స్పిరిట్ ఘాటు మొహాన కొట్టి, దింపేవాళ్ళు వెనక్కి పరిగెత్తారట. మంటలార్పేవాళ్ళు వచ్చి అంతా కడిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. దాన్ని అదృష్టం అంటారు, ఇంకో పేరు లేదు. పైన సీట్లలో కూర్చున్నవాళ్ళలో చంటిపిల్లల తల్లులు ఉండి ఉంటారు కదా అన్న దగ్గర నా ఆలోచన ఆగిపోతుంది. ఇప్పటికీ దాన్ని చివరి దాకా ఆలోచించలేను.

విచారణ జరిగింది. పెద్ద గది, గాజు గ్లాసుల్లో నీళ్ళు, పైనుంచి వచ్చిన అధికారులు. మేనేజరు, మాస్టారి మాట మీద నమ్మకంతో తీసుకున్నామన్నాడు. ఒక అధికారి నా వైపు తిరిగి నీకు అనుమానం రాలేదా అన్నాడు. వచ్చింది, మరక చూశాను, స్పిరిట్ అయి ఉంటుందని మాస్టారితో చెప్పాను అన్నాను. గదిలో అందరూ మాస్టారి వైపు తిరిగారు. ఈ అమ్మాయి మీతో ఆ మాట అందా అని అడిగారు.

నేను భయపడలేదు. నిజంగా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు భయమే లేదు. మాస్టారు చెప్పేస్తారు, ఆయనకి తప్పదు అనుకున్నాను.

మాస్టారు తన చేతుల వైపు చూసుకున్నారు. గుర్తు లేదన్నారు. ఇంగ్లీషులో అన్నారు. తెలుగులో అనడానికి నోరు రాలేదేమో.

వేల సరుకుల అంకెలు పుస్తకం చూడకుండా చెప్పే మనిషి. నేను ఏ రోజు ఏ వాదన పెట్టానో ఏళ్ళ తర్వాత కూడా అమ్మగారికి కథలుగా చెప్పి నవ్వించే మనిషి. గుర్తు లేదు! ఆయన అబద్ధం ఆడుతున్నారని ఆ గదిలో ఆయనకీ నాకూ మాత్రమే తెలుసు, నేను ఎక్కదన్నానని తెలిసిన మేనేజరు తన తప్పు బయటపడుతుందని బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. నోరున్నదాన్నని పేరు పడ్డ నేను ఒక్క ముక్క మాట్లాడలేదు.

అనుమానమొస్తే కాగితం మీద ఎందుకు రాయలేదని నన్ను కౌంటర్ నుంచి తీసేశారు. తప్పిపోయిన సూట్‌కేసుల గదిలో వేశారు. శిక్షణ సరిగ్గా లేదు కనక మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుని రమ్మన్నారు. ఇంకో ఊళ్ళో, ఇంకొకరి దగ్గర నేర్చుకున్నాను. వాళ్ళూ అదే చెప్పారు, ఉప్పూ కారం లేకుండా. ఆ చప్పిడి పాఠం వింటూ, ప్రతి వాక్యానికీ మాస్టారు ఏ సామెత కలిపేవారో మనసులో అనుకుంటూ కూర్చున్నాను. ఆయన మీద అంత కోపంలోనూ ఆయన గొంతే వినబడుతుంటే ఎంత ఉక్రోషంగా ఉండేదో చెప్పలేను. నిలదొక్కుకోవడానికి ఏళ్ళు పట్టింది. చివరికి నేనూ పాఠం చెప్పేదాన్నయ్యాను.

మధ్యలో ఒక్కసారి వాళ్ళింటికి వెళ్ళాను. నా అంతట నేనే వెళ్ళాను. ఒక్క మాట అంటే చాలు, తప్పయిపోయిందని కూడా అక్కర్లేదు, "నాకు గుర్తున్నాదే అమ్మీ" అంటే చాలనుకున్నాను. అప్పటికే ఆయన క్లాసు మానేశారు. కుర్చీ వేశారు. ఆ ఏడు వానలు లేవన్నారు, చీరల కొట్టువాళ్ళు మేడ గదిలో మగ్గం సామాను పెట్టుకున్నారన్నారు. నాన్న బాగున్నాడా అని అడిగారు. నేను లేచి నిలబడ్డాను, గేటు దాకా వచ్చారు. గేటు గడియ తీసి, మళ్ళీ వేసి, మళ్ళీ తీశారు. "ఎండగున్నాది. గొడుగు తెచ్చినావా?" అన్నారు. తేలేదన్నాను. లోపలికెళ్ళి ఆయన గొడుగు తెచ్చి ఇచ్చారు. నేను తీసుకోలేదు.

ఆ తర్వాత మళ్ళీ వెళ్ళింది ఆయన పోయాకే. సెలవు దొరికించుకుని బరంపురంలో దిగి, ఆటోలో ఆ ఇంటికి వెళ్ళాను. ముందు గదిలో మాస్టారి ఫొటో పెట్టి, దాని ముందు ప్రమిద వెలిగించారు. పోయినవాళ్ళ పేరున పెట్టిన దీపం పదో రోజు దాకా కొండెక్కకూడదు, పెట్టిన చోటు నుంచి కదపకూడదు. ఇద్దరు ముసలమ్మలు దాన్ని కనిపెట్టుకుని కూర్చున్నారు. అమ్మగారు నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"అడుగుతావనుకున్నాను," అంది. నేను ఏమీ అడగకముందే చెప్పడం మొదలెట్టింది. "ఆయనకి తమ్ముడంటే బయం కాదమ్మా, సిగ్గు. ఈయన ఉద్యోగాలని ఊళ్ళట్టుకు తిరిగితే, మంచాన పడిన అత్తగారిని ఏళ్ళ తరబడి ఎత్తి కూకోబెట్టింది ఆడే. ఎప్పుడూ ఏదీ అడగనేదు. అడిగిన ఒక్కటీ నీ దగ్గరకొచ్చి పడినాది."

"అది నాకు సెప్పుంటే సరిపోయేది కదండీ అమ్మగారూ," అన్నాను.

"నానన్నాను. ఆ పిల్ల గతేటి, నిజం సెప్పీండి అని ఏడిసినాను." ఆవిడ కొంగుతో గిన్నె పట్టుకుని దించి, నా వైపు చూడకుండా అంది. "తమ్ముడు జైల్లో పడతాడేమోనన్నారు. మరి పిల్లో అంటే, 'అది పరాయి పిల్ల, తట్టుకుంటాది' అన్నారు. పోయినోళ్ళ మాట సెప్పకూడదు. నా కడుపులో ఉంచుకోనేకపోతన్నాను తల్లీ."

పరాయి పిల్ల. స్టేషనులో కూతురని ఆవిడంటే ఆయన తల ఊపారు. నేను ఆ తల ఊపు మీద ఇన్నేళ్ళూ బతికాను. గుర్తు లేదన్న మాటని ఎలాగో మింగాను, పెద్దవాడు, భయపడ్డాడని సర్దుకున్నాను. ఈ మాట మింగుడు పడలేదు. అక్కడే పీట మీద కూర్చుని ఏడ్చేశాను. పోయినాయన కోసమో, నా కోసమో తెలియదు. అమ్మగారు నా తల మీద చెయ్యి వేసి ఊరుకుంది, ఓదార్చే మాట ఏదీ చెప్పలేదు. అందుకు ఆవిడకి దణ్ణం పెట్టాలి.

మొహం కడుక్కుని ముందు గదిలోకి వచ్చేసరికి మాస్టారి తమ్ముడు వచ్చాడు. బాగా వంగిపోయాడు. నన్ను గుర్తుపట్టి, "వొచ్చినావా అమ్మా," అన్నాడు. చేతిలో ఒక సీసా ఉంది, మూతకి గుడ్డ చుట్టి. "అన్నకి కియా అంటే పేణం," అని ఎవరికో చెబుతున్నట్టు అంటూ, ఫొటో ముందు కూర్చుని గుడ్డ విప్పాడు. దండ మీద చల్లాడు. ఫొటో కింద పరిచిన తెల్ల బట్ట మీద ఒంపాడు. మొగలి వాసన గదంతా నిండింది. ఒంపిన చోటికి బెత్తెడు దూరంలో దీపం వెలుగుతోంది.

నేను ఆలోచించలేదు. రెండంగల్లో వెళ్ళి ప్రమిద ఎత్తేశాను.

"ఓలమ్మో, దీపం! కదపకూడదే పిల్లా!" అని ముసలమ్మలు ఇద్దరూ ఒక్కసారి లేచారు. గదిలో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. తమ్ముడు సీసా పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే తల ఎత్తి చూశాడు.

"పూల నీళ్ళేనమ్మా," అన్నాడు.

నిజమే చెప్పాడేమో. అన్న దగ్గరికి అబద్ధం తెస్తాడా? నాకు తెలియదు. "మూత పెట్టండి బాబుగారూ," అన్నాను.

"పెట్టీ మరిదీ," అంది అమ్మగారు వెనక నుంచి.

అతను మూత పెట్టాడు. గుడ్డ చుట్టి, దారం వెతుక్కుని, మెల్లగా ముడి వేశాడు. ముసలమ్మలు ఇంకా ఏదో గొణుగుతున్నారు. వీధి తలుపులోంచి గాలి కొట్టింది, ఒత్తి పక్కకి వాలింది. రెండో అరచెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యి చురుక్కుమంది, తీయలేదు. మాస్టారి ఫొటో ముందు దీపం చోటు ఖాళీగా ఉంది. బట్ట మీద తడి ఆరేదాకా, నేను దీపం పట్టుకుని గుమ్మం పక్కన అలాగే నిలబడ్డాను.